ట్యాగ్ పెట్టినవాడే తీయాలి

ఫోను ఉదయం ఆరు గంటల యాభై రెండు నిమిషాలకు వచ్చింది. దువ్వాడలో మా ఇంటి గేటు నుంచి ఉక్కునగరంలోని ఆ క్వార్టరు మెట్ల వరకు ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. స్కూటరు మీద పద్దెనిమిది నిమిషాలు. రెండేళ్ళపాటు ప్రతి గురువారం సాయంత్రం ఆయనను క్లబ్బుకు తీసుకువెళ్ళడానికి అదే దారిన వెళ్ళాను కనుక ఈ అంకెల్లో పొరపాటు ఉండదు. అయితే ఆ రోజు గురువారమూ కాదు, సాయంత్రమూ కాదు. ఆయన నిద్రలోనే పోయి అప్పటికి పదిహేను రోజులైంది. ఫోనులో ఆయన భార్య.

“బాబూ, లేచేరా? సుట్టాలందరూ ఎల్లిపోయేరు. ఇప్పుడు నా దగ్గర రెండు పనులు మిగిలిపోయేయి. ఒకటి, ఆయన కార్డుల డబ్బాలో మీ ట్యాగ్ ఉంది. మీరే ఇప్పాలంట.”

“రెండోది?”

“గీజరు.”

“గీజరుకేమైంది?”

“మీరు రండి ముందు. ఫోన్లో సెప్తే నవ్వుతారు.”

ఆవిడ ఉక్కు కర్మాగారం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అనవసరంగా మనుషులను పిలిపించే స్వభావం కాదు. నేను బయలుదేరాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాసిన ప్రతిచోటా పక్కన సంతకం, తేదీ, సమయం ఉండాలన్నది ఆయన నియమం. ఆ మూడూ ఇప్పుడు నేను సంపాదించలేను. వృత్తి మాత్రం చెప్పాలి. కర్మాగారంలో విద్యుత్ నిర్వహణ విభాగానికి ఫోర్‌మన్‌గా పనిచేసి, నాకు పరిచయమయ్యే నాటికి రిటైరైన మనిషి. క్వార్టరు ఆవిడ పేరున ఉండేది కనుక ఉక్కునగరం వదలలేదు. నిలువు గీతల చొక్కా జేబులో మూడు వస్తువులు తప్పనిసరి: ఒక టెస్టరు, ఒక దారపు ఉండ, ఎర్రటి అట్టముక్కలు కొన్ని. ఏ వస్తువునైనా ముందు కుడిచేతి వెనుకభాగంతో తాకి చూసేవారు. కరెంటు పనివాళ్ళందరికీ ఆ అలవాటు ఉంటుంది. తీగలో కరెంటు ఉంటే అరచెయ్యి దాన్ని పట్టేసుకుంటుంది, చేతి వెనుకభాగమైతే విదిలించుకుని వచ్చేస్తుంది. కానీ ఆయన కుర్చీని కూడా అలాగే తాకి కూర్చునేవారు. టీ గ్లాసునూ, తలుపు గడియనూ, ఒకసారి మా అక్క మనవరాలినీ అలాగే తాకి, అప్పుడు ఎత్తుకున్నారు.

ఆ ఎర్రటి అట్టముక్కల గురించి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. కర్మాగారంలో మోటారును బాగుచేసే ముందు దాని స్విచ్చును ఆపి, దానికి ఒక ట్యాగ్ కడతారు. ‘మనుషులు పనిచేయుచున్నారు. స్విచ్ వేయరాదు’ అని దాని మీద ఉంటుంది. కింద కట్టినవాడి పేరు. పని అయ్యాక దాన్ని అతనే వచ్చి విప్పాలి. పై అధికారి వచ్చి గొంతు చించుకున్నా ఇంకొకరు విప్పకూడదు. ఎందుకంటే స్విచ్చు ఒకచోట, మోటారు ఇంకొకచోట. కంటికి కనబడని ఆ చివర ఎవరి చేతులు యంత్రంలో ఉన్నాయో కట్టినవాడికి తప్ప తెలియదు. నేను అదే కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో ఇంజనీరును. ఈ నియమం నాకూ కంఠతా వచ్చు. తేడా ఏమిటంటే, సాయంత్రం గేటు దాటగానే నేను దాన్ని లోపలే వదిలేసి వచ్చేవాడిని.

క్లబ్బులో తూర్పువైపు ఒక చిన్న గది ఉండేది. విరిగిన క్యారమ్ బోర్డు, ఒక బల్ల, రెండు కుర్చీలు. గురువారాల్లో నేనూ నా సహోద్యోగి ఒకరూ అక్కడ విదేశీ కార్డుల ఆట ఒకటి ఆడేవాళ్ళం: మంత్రాలు, వింతజంతువులు, సైన్యాలు ఉండే ఆట. ఆ సహోద్యోగికి బదిలీ అయ్యాక, రెండు వైపులా నేనే ఆడుకుంటున్న ఒక సాయంత్రం, ఈయన గోడమీది మంటలార్పే సిలిండరును తనిఖీ చేయడానికి వచ్చారు. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు.

“ఏటి బావా, పేకా?”

“పేక కాదు గురువుగారూ. యుద్ధం.”

“డబ్బులెట్టేనా?”

“కాదు.”

“మరి కొట్టుకోడం దేనికి?”

నేను చేతిలోని కార్డులు ఆయనవైపు తిప్పి చూపించాను. ఆయన కుర్చీని చేతి వెనుకభాగంతో తాకి, ఎదురుగా కూర్చున్నారు. మగవాళ్ళందరినీ, వయసుతో హోదాతో నిమిత్తం లేకుండా, ఆయన బావా అనే పిలిచేవారు. ఆయన పెద్దవారని నేను గురువుగారూ అన్నాను. ఆ విధంగా ఆ గదిలో నేర్చుకునేవారు గురువుగారు, నేర్పేవాడు బావ అయ్యారు. చివరిదాకా ఎవరమూ దాన్ని సవరించలేదు.

పోరాటం ఎలా జరుగుతుందో మొదటి సాయంత్రమే చెప్పాను. ఆటగాడికి ఇరవై ప్రాణాలు. బల్ల మీద అతని ముందు జీవుల కార్డులు నిలువుగా ఉంటాయి. ప్రతి కార్డు అడుగున రెండు అంకెలు: మొదటిది ఆ జీవి కొట్టే దెబ్బ, రెండోది ఓర్చుకోగల దెబ్బ. దాడికి పంపదలచిన కార్డును అడ్డంగా తిప్పాలి. ఎదుటివాడు నిలువుగా ఉన్న తన జీవుల్లో ఒకదాన్ని దానికి అడ్డుపెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. పెడితే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఓర్పు చాలనిది చచ్చి పక్కనున్న గుట్టలో పడుతుంది. పెట్టకపోతే దెబ్బ నేరుగా ఆటగాడి ప్రాణాల మీద పడుతుంది. అడ్డంగా తిరిగిన కార్డు అలసిపోయినట్టు లెక్క. మళ్ళీ తన వంతు వచ్చి నిలువుగా తిప్పేదాకా అది ఎవరికీ అడ్డు నిలబడలేదు. ఎవరి ప్రాణాలు సున్నాకు వస్తే వారు ఓడినట్టు. నా లెక్క ప్రకారం ఇది పదిహేను నిమిషాల పాఠం.

“రెండూ కొట్టుకుంటాయన్నావు. ముందెవరు కొడతారు?”

“ఇద్దరూ ఒకేసారి.”

“ఒకేసారంటే కుదరదు బావా. రేపు ఎంక్వయిరీలో ఏటని రాస్తావు? ముందు ఎవడి సెయ్యి లేచిందో రాయకపోతే కాయితం ఎనక్కొచ్చేస్తాది.”

“ఇక్కడ ఎంక్వయిరీ ఉండదు గురువుగారూ.”

“సచ్చిపోతే ఎంక్వయిరీ లేదా?” ఆయన నిజంగానే నిర్ఘాంతపోయారు. “ఆ గుట్టనేటంటారు?”

“శ్మశానం అంటారు.”

“ఎవడెట్టేడు ఆ పేరు? మార్చెయ్. ఆసుపత్రి అను. ఆసుపత్రైతే తిరిగొచ్చే ఆశుంటాది.”

మా బల్ల మీద అది అప్పటినుంచీ ఆసుపత్రి అయింది. అయితే ఆయన దానికి ఎవరినీ పంపలేదు. ఇదే నేను చెప్పదలచుకున్న సంగతి. ఆ రోజే కాదు, ఎన్నడూ పంపలేదు.

ఆయన వాటాకు వచ్చిన కార్డుల్లో అన్నిటికన్నా చిన్న జీవి ఒకటి ఉంది. సైన్యం ముందు దివిటీ పట్టుకుని నడిచే మనిషి. దెబ్బ ఒకటి, ఓర్పు ఒకటి. మేము అతన్ని దివిటీవాడు అనేవాళ్ళం. ఆ కార్డు మీది బొమ్మను ఆయన చాలాసేపు పరిశీలించారు.

“తలకి హెల్మెట్టు లేదు. సేతిలో మంట. పక్కన లోయ, రెయిలింగు లేదు. ఈడికి పర్మిట్టెవడిచ్చేడు?”

“గురువుగారూ, ఆ కార్డు ఉన్నదే అడ్డుపెట్టడానికి. పెద్ద జంతువు మీదికొచ్చినప్పుడు ఇతన్ని ముందుకు తోస్తే, ఇతను పోతాడు, మీరు మిగులుతారు. చవకైన కార్డు. అందుకే ఇచ్చారు.”

“కాంట్రాక్టోడన్నమాట,” అన్నారాయన.

మరుసటి గురువారానికి దివిటీవాడి ప్లాస్టిక్ తొడుగు మీద పసుపు స్కెచ్‌పెన్నుతో చక్కని హెల్మెట్టు వచ్చింది. గడ్డం కింద పట్టీ కూడా ఉంది.

తర్వాత ట్యాగులు వచ్చాయి. అడ్డంగా తిరిగిన ప్రతి కార్డుకూ ఆయన గోరంత ఎర్ర అట్టముక్కను దారంతో చుట్టేవారు. తన కార్డును తాను తిప్పితే తన పేరు. నేను మంత్రం కార్డు వేసి ఆయన జీవిని నిద్రపుచ్చితే, అంటే బలవంతంగా అడ్డం తిప్పితే, ఆ ట్యాగ్ మీద నా పేరు. ఆట నియమం ప్రకారం తన వంతు రాగానే ఆయనే దాన్ని నిలువుగా తిప్పుకోవచ్చు. ఆయన తిప్పుకునేవారు కాదు. చేతులు కట్టుకుని కూర్చునేవారు.

“ఎట్టినోడే తియ్యాల బావా.”

“ఇది నిద్ర మంత్రం గురువుగారూ, దానంతటదే పోతుంది.”

“దానంతటదే పోయిందని నాకెవరు సెప్తారు? నువ్వు సెప్పాల. సెప్పి, ఇప్పాల.”

నేను వంగి, ఆయన సైనికుణ్ణి నా చేత్తో నిలబెట్టి, అతను నన్ను కొట్టడానికి వీలు కల్పించేవాడిని. అలా రెండేళ్ళు.

ఆయన యుద్ధతంత్రం త్వరలోనే నాకు అర్థమైంది. నా జీవులన్నీ అడ్డంగా తిరిగి ఉంటేనే, బల్ల మీదికి వంగి, “రోడ్డు కాళీయేనా?” అని పైకి అడిగి, నేను “ఖాళీయే” అని జవాబిచ్చాక, తన వాళ్ళను దాడికి పంపేవారు. నా వైపు ఒక్క ఎలుక నిలువుగా ఉన్నా పంపేవారు కాదు. నేను దాడి చేస్తే ఎవరినీ అడ్డుపెట్టేవారు కాదు. దెబ్బలన్నీ తన ప్రాణాల మీదికే తెచ్చుకుని, ఇరవై నుంచి సున్నా దాకా నిదానంగా, పద్ధతిగా దిగి, ఓడి, తన కార్డులు లెక్కపెట్టుకుని, “అందరూ వొచ్చేరు,” అని డబ్బాలో పెట్టుకునేవారు. మొహంలో షిఫ్టు దిగిన మనిషి సంతృప్తి కనిపించేది.

ఇలాంటివాటి వెనుక ఏదో ఉంటుందని మనం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఆయన షిఫ్టులో ఎప్పుడో ఎవరికో ఏదో జరిగి ఉంటుందని ఊహించి, ఒకసారి ఆవిడను మెల్లగా అడిగాను. ఆవిడ నవ్వారు.

“ఏటీ జరగలేదు బాబూ. ఆయన సర్వీసు మొత్తం మీద ఒక్కడికి గోరు కూడా ఊడలేదు. అదే వొచ్చింది తంటా.”

ఆయననే అడిగితే ఇంకా సూటిగా చెప్పారు. “సర్వీసంతా సున్నా మీద నడిపించేను. రిటైరయ్యేక పాడుసేసుకోమంటావా? అదీ అట్టముక్కల కోసం?”

ఆ సున్నా జోలికి నేను వెళ్ళేవాడిని కాను. క్లబ్బు కార్యదర్శి వెళ్ళేలా చేశారు. ఇద్దరు మనుషుల కోసం ఒక గది ఎందుకని సర్వసభ్య సమావేశంలో ఎవరో లేవనెత్తారు. బ్యూటీషియన్ తరగతులకు గది కావాలని ఇరవైమంది సంతకాలు పెట్టారు. కార్యదర్శి న్యాయంగానే మాట్లాడారు: మీది జూదం కాదు, క్రీడే అంటున్నారు కదా, మద్దిలపాలెంలో వచ్చే ఆదివారం ఈ ఆటకు పోటీ ఉందట, క్లబ్బుకు ఇద్దరేసి వెళ్ళవచ్చట, ఇద్దరిలో ఒకరు ఒక్క ఆట గెలిచి రండి, గది మీదే. లేకపోతే అద్దాలు బిగించుకుంటారు.

ఈ వార్త విని నాకంటే ఎక్కువగా కలవరపడింది ఆవిడ. క్వార్టరు మెట్ల దగ్గర నన్ను నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పారు.

“బాబూ, ఆ గది పోకూడదు. వారానికి ఆ మూడు గంటలు అక్కడ ట్యాగులు కట్టుకుంటన్నారు కాబట్టి ఇంట్లో నా మిక్సీ పనిచేస్తంది. గది పోతే నా వొంటిల్లు షట్‌డౌనే. ఎలాగోలా ఒక్కటి గెలిపించండి.”

“నేను గెలుస్తానమ్మా, మీరు కంగారుపడకండి.”

“మీరా?” అన్నారావిడ. ఆ ఒక్క మాటను బట్టి నా ఆటతీరు గురించి ఆయన ఇంట్లో ఏం చెప్పేవారో తెలిసింది.

పోటీ మద్దిలపాలెంలో ఒక బేకరీ పై అంతస్తులో జరిగింది. నేను మొదటి ఆటలోనే ఒక కాలేజీ అమ్మాయి చేతిలో ఓడాను. ప్రతి ఎత్తుకూ సంభావ్యత లెక్క వేస్తూ ఉండగా నా సమయం అయిపోయింది. ఆ అమ్మాయి “అంకుల్, మీ లెక్క కరెక్టే, కానీ టైమ్ అయిపోయింది,” అని ఓదార్చింది. ఇక గది, మిక్సీ, ఆవిడ మనశ్శాంతి అన్నీ ఆయన మీద పడ్డాయి.

ఆయనకు ఎదురైనవాడు పాతపట్నంలో గాజుల దుకాణం నడిపే ముప్పై ఏళ్ళ మనిషి. మర్యాదస్థుడు. ఆయన కుర్చీని చేతి వెనుకభాగంతో తాకడం చూసి, ఏదో సంప్రదాయం అనుకుని, తన కుర్చీని తానూ అలాగే తాకి కూర్చున్నాడు.

ఆట మొదట్లోనే గాజుల వ్యాపారి నిద్ర మంత్రం వేసి ఆయన జీవుల్లో పడవవాడనే కార్డును అడ్డం తిప్పాడు. ఆయన వంతు వచ్చింది. ఆయన చేతులు కట్టుకున్నారు.

“చాచా, మీ కార్డు సీదా చేసుకోండి.”

“నువ్వెట్టేవు. నువ్వే తియ్యాల.”

“మీ కార్డు మీరే తిప్పుకోవాలి చాచా. రూల్ అదే.”

“నీ సెయ్యి ఇంకా లోపలుందో లేదో నాకెలా తెలుస్తాది?”

గాజుల వ్యాపారి తన చేతులవైపు చూసుకున్నాడు. రెండూ బయటే ఉన్నాయి. అయినా అనుమానం తీరేటట్టు బల్ల మీద పరిచి చూపించాడు. నిర్వాహకురాలు వచ్చింది. యజమానే తిప్పాలని నియమాల్లో ఉందని చదివి వినిపించింది. ఆయన ఓపికగా విని, “యజమానికి తెలీదమ్మా, ఎట్టినోడికే తెలుస్తాది,” అని, మోటారుకూ స్విచ్చుకూ మధ్య దూరం గురించి చెప్పడం మొదలుపెట్టారు. పక్క బల్లల మీద ఆటలు ఆగిపోయాయి. చివరికి గాజుల వ్యాపారి నవ్వి, లేచి, వంగి, పడవవాణ్ణి సుతారంగా, గాజు తొడిగినట్టు, నిలువుగా తిప్పాడు.

“అయిందా చాచా?”

“మనుషులందరూ బయటికొచ్చేరా?”

“వచ్చేశారు చాచా.”

“అప్పుడు సరే.”

తర్వాత జరిగినది అంకెల్లో స్పష్టంగా ఉంది. ఎదుట బల్ల ఖాళీగా ఉండగానే ఆయన పడవవాడూ, మరుగుజ్జు అనే ఇంకో జీవీ కలిసి నాలుగు ప్రాణాలు తీశారు. ఇద్దరి దెబ్బా చెరి రెండు. అప్పుడు వ్యాపారి తన అగ్నిసర్పాన్ని దింపాడు. దాని దెబ్బ ఐదు, ఓర్పు ఐదు. అది నిలువుగా ఉన్నంతసేపు ఆయన కదలలేదు. అది దాడికి వచ్చి అడ్డంగా తిరగగానే, “రోడ్డు కాళీయేనా?” అని అడిగి తన ఇద్దరినీ పంపేవారు. అది ఐదు తీస్తే వీరు నాలుగు తీసేవారు. దివిటీవాణ్ణి మాత్రం ఇంటి దగ్గరే నిలువుగా ఉంచారు; మంటతో పరుగెత్తకూడదని. అలా దిగుతూ, దిగుతూ, ఒక క్షణానికి వ్యాపారికి నాలుగు ప్రాణాలు, ఆయనకు ఐదు మిగిలాయి. వ్యాపారి వంతు. అగ్నిసర్పం మళ్ళీ అడ్డంగా తిరిగింది. దాడి.

పడవవాడూ మరుగుజ్జూ అలసి అడ్డంగా ఉన్నారు. నిలువుగా ఉన్నది ఒక్క దివిటీవాడు. అతన్ని అడ్డుపెడితే అతను పోతాడు. ఆయనకు ఐదు ప్రాణాలూ మిగులుతాయి. తర్వాతి వంతులో సర్పం అలసి ఉంటుంది, రోడ్డు ఖాళీ. ఇద్దరి దెబ్బ నాలుగు, వ్యాపారి ప్రాణాలు నాలుగు. ఆట ముగుస్తుంది. గది మాది. ఈ లెక్కకు సంభావ్యతతో పనిలేదు. అక్కడున్న అందరికీ తెలుసు. వ్యాపారికీ తెలుసు, ఈ చాచా ఇంతవరకూ ఎవరినీ అడ్డుపెట్టలేదన్న ఒక్క నమ్మకంతో తెగించాడు.

నేను పక్కనుంచి మాట్లాడకూడదు. అయినా ఆయన తలెత్తి నావైపు చూశారు.

“బావా, ఈణ్ణి పంపితే గెలుస్తాం కదా?”

నేను తల ఊపాను. నిర్వాహకురాలు నన్ను హెచ్చరించింది.

“గది మనకే ఉంటాది కదా?”

మళ్ళీ ఊపాను. రెండో హెచ్చరిక.

ఆయన దివిటీవాణ్ణి చేతి వెనుకభాగంతో తాకారు. పసుపు హెల్మెట్టును ఒకసారి బొటనవేలితో తుడిచారు. కార్డు మీద చెయ్యి అలాగే ఉంది. ఈయన పంపుతారు అనుకున్నాను.  

“ఒక్కసారే కదా చాచా,” అన్నాడు వ్యాపారి. తాను ఓడిపోయే సలహా తానే ఇస్తున్నానని అతనికి ఆ క్షణంలో గుర్తులేదు. “పంపేయండి. అట్టముక్కే కదా.”

“ఈడికి పర్మిట్టు లేదు నాయనా,” అన్నారాయన. “నా మీదికే రానీ.”

ఐదు పోయి సున్నా మిగిలింది. ఆయన తన కార్డులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని, “అందరూ వొచ్చేరు,” అని డబ్బా మూశారు. గాజుల వ్యాపారి గెలిచినవాడిలా లేడు. మెట్ల దాకా వచ్చి, “చాచా, నాకు వేరే దారి లేకపోయింది,” అన్నాడు. “నీ పని నువ్వు సేసేవు, తప్పేటి?” అని ఆయన అతని భుజం తట్టి, బేకరీలో మా ఇద్దరికీ దిల్‌పసంద్ కొనిపెట్టారు. బస్సులో కూర్మన్నపాలెం దాకా నేను ఓడిన నా ఆటనే మళ్ళీ లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. దిగేముందు ఆయనే అన్నారు: “ఇంటికెల్లి మా ఆవిడికి నువ్వు సెప్పు బావా. నాకు బయమేస్తంది.”

ఆ తర్వాతి గురువారం మా ఆఖరి ఆట. మధ్యలో ఉండగా మనుషులు అద్దాలు పట్టుకుని గదిలోకి వచ్చారు. అప్పటికి కొద్ది క్షణాల ముందు నేను నిద్ర మంత్రం వేసి దివిటీవాణ్ణి అడ్డం తిప్పాను. ఆయన అలవాటుగా నా పేరుతో ట్యాగ్ చుట్టారు. హడావిడిలో కార్డులు డబ్బాలో సర్దేశాం. ట్యాగ్ అలాగే ఉండిపోయింది.

గది పోయాక ఆవిడ భయపడ్డట్టే జరిగింది. మిక్సీకి ట్యాగ్ వచ్చింది. వాషింగ్ మెషీనుకు వచ్చింది. పిండి రుబ్బాలంటే ఆవిడ ఆయనను నిద్రలేపి, విప్పించుకుని, పని అయ్యాక మళ్ళీ కట్టించుకునేవారు. నెలకోసారి నాకు ఫోను వచ్చేది.

“బావా, నీ ట్యాగ్ ఇంకా నా దగ్గరే ఉంది. ఈడు పడుకునే ఉన్నాడు.”

“మీరే తీసేయండి గురువుగారూ.”

“తప్పు. ఎప్పుడొస్తావు?”

“వచ్చే వారం.”

వచ్చే వారం షిఫ్టు మారేది, లేదా వాన పడేది, లేదా ఊరికే వెళ్ళేవాడిని కాను.

ఆ ఉదయం ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. దివిటీవాడు అన్నిటికన్నా పైన, డబ్బాలో కూడా అడ్డంగానే ఉన్నాడు. దారం విప్పాను. అతన్ని నిలువుగా తిప్పాను. “మనుషులందరూ బయటికొచ్చారు,” అని చెప్పవలసిన మాట చెప్పాను.  ఆవిడ స్నానాలగదికి దారి చూపించారు.

గీజరు స్విచ్చుకు ట్యాగ్ ఉంది. ఆయన పేరు, సంతకం, తేదీ, సమయం. ఆయన పోయిన రోజుకు ముందటి సాయంత్రం.

“పదిహేను రోజులుగా నీళ్ళు పొయ్యి మీదే కాస్తన్నాను బాబూ,” అన్నారావిడ. “సుట్టాలు తీసెయ్యబోతే నానే వొద్దన్నాను. ఎట్టినోడే తియ్యాల కదా? ఆయనెలా వొస్తారు? సెప్పండి, ఇలాంటప్పుడు మీ ప్లాంటులో ఏటి సేస్తారు?”

నవ్వుతానని ఆవిడ అనుకున్నారు. నేను నవ్వలేదు, ఎందుకంటే దానికి నిజంగానే ఒక పద్ధతి ఉంది. కట్టినవాడు రాలేని స్థితిలో ఉంటే మూడు పనులు చేయాలి. అతను పనిచోట లేడని అంతటా వెతికి, పిలిచి రూఢి చేసుకోవాలి. అతనికి కబురు చేయడానికి ప్రయత్నించాలి. ఆ తర్వాత ట్యాగ్ తీయవచ్చు. కానీ అతను తిరిగి డ్యూటీకి వచ్చినప్పుడు, దేని మీదా చెయ్యి వేయకముందే, ఫలానా ట్యాగ్ తీశామని అతనికి చెప్పాలి. చెప్పే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి.

నేను ఈ మూడూ చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక గానీ అవి ఎలా వినిపిస్తాయో నాకు తట్టలేదు.

ఆవిడ మాత్రం రోగికి మందుల వరుస విన్నట్టు శ్రద్ధగా విన్నారు. కొంగు సర్దుకుని బయలుదేరారు. ముందుగది గుమ్మంలో నిలబడి, “ఏవండీ,” అని పిలిచారు. ఒక క్షణం ఆగారు. పడకగది గుమ్మంలో, “ఏవండీ.” వంటింట్లో. వెనుక బాల్కనీలో, బట్టల తీగ దగ్గర. నేను ఆవిడ వెనుకే నడిచాను. సాక్షి ఉండాలని నియమం. చివరికి స్నానాలగది గుమ్మానికి తిరిగివచ్చి, లోపలికి చూసి, “లేరు,” అన్నారు.

ఆయన నంబరుకు నేను ఫోను చేశాను. ఫ్రిజ్ పైన మోగింది. చార్జింగ్ నిండా ఉంది. పూర్తిగా మోగనిచ్చాం.

“మూడోది?” అన్నాను.

“మూడోది నా మీద ఎయ్యండి,” అన్నారావిడ. “నాను సెప్పుకుంటాను.”

ట్యాగ్ ఆవిడే విప్పారు. నేను ఆవిడను గుమ్మం అవతల నిలబెట్టి, స్విచ్చు వేసి, ఆయన టెస్టరును గీజరు కింది గొట్టానికి ఆనించాను. టెస్టరులో దీపం వెలిగింది. అనుమానం తీరక ఇంకోచోట ఆనించాను. అక్కడా వెలిగింది. లోపల నీళ్ళు వేడిచేసే కాయిలు పాడై కరెంటు గొట్టంలోకి, నీళ్ళలోకి వస్తోంది. ఆ సాయంత్రం ఆయన దాన్ని చేతి వెనుకభాగంతో తాకి ఉంటారు. స్విచ్చు ఆపేశాను. జేబులో వెతుక్కుంటే ఇందాక దివిటీవాడి నుంచి విప్పిన ట్యాగ్ దొరికింది. నా పేరు దాని మీద ముందే ఉంది. సంతకం, తేదీ, సమయం చేర్చి, స్విచ్చుకు కట్టాను.

“అంటే మళ్ళీ పొయ్యి మీదేనా నీళ్ళు?”

“కాయిలు మార్చేదాకా.”

ఆవిడ వంగి ఆ గోరంత ట్యాగ్ మీది పేరు చదివారు.

“మీ పేరెట్టేరు. మరి మీరే రావాలి ఇప్పడానికి.”

“వస్తాను.”

“వొచ్చే వారం అనకండి. గురువారం రండి.”

లెక్క ఇది. క్లబ్బు తరఫున ఆడినవి రెండు ఆటలు, రెండూ పోయాయి. గది పోయింది, అందులో ఇప్పుడు ఆరు అద్దాలున్నాయి. ఆయనతో నేను ఆడిన ఆటలన్నీ నేనే గెలిచాను, ఒక్క ఆఖరిది తప్ప, అది పూర్తికాలేదు. గీజరు కాయిలు ఒకటి కాలిపోయింది. ఇంటికి ఒక మనిషి తగ్గాడు. డబ్బాలో ఆయన కార్డులు లెక్కపెట్టాను. అందరూ వచ్చారు.